కొండకు ఉప్పు మోసిన దాలమ్మ

సముద్రం హోరు కొండ దాకా వినిపించే రోజుల్లో మాట ఇది. అప్పటికి మన తాతల తాతలు ఇంకా పుట్టలేదు. ఉన్నవాళ్ళు చూశారు, చూసినవాళ్ళు చెప్పారు, విన్నవాళ్ళు దాచారు. ఆ దాచినదాన్నే ఇవాళ మీ ముందు విప్పుతున్నాను.

అనగనగా ఒక పొడవాటి దేశం. తూర్పున ఆ చివర నుంచి ఈ చివర దాకా సముద్రం. పడమట ఆ చివర నుంచి ఈ చివర దాకా కొండలు. నడుమ పల్లం. కొండ మీద పుట్టిన గెడ్డలన్నీ పల్లంలోకి దిగి, పల్లాన్ని తడిపి, సముద్రంలో కలిసేవి. రేవుకు ఓడలు వచ్చేవి. పల్లంలో సాలెలు నేసిన బట్టలు ఎక్కించుకుని, పేరు తెలియని దేశాలకు పోయేవి. ఒడ్డున ఎత్తయిన పాత ఇటుక దిబ్బలు ఉండేవి. వాటిని ఎవరు కట్టారో అప్పటివాళ్ళకే తెలియదు. అంత పాత దేశం అది.

దేవుడు ఆ దేశానికి అన్నీ ఇచ్చాడు. కానీ అన్నీ ఒకచోట ఇవ్వలేదు. కొండకు చోళ్ళు అనే రాగులు, పసుపు, చింతపండు, తేనె ఇచ్చాడు, ఉప్పు ఇవ్వలేదు. సముద్రం ఒడ్డుకు ఉప్పు, చేప ఇచ్చాడు, గింజ ఇవ్వలేదు. పల్లానికి వరి, నువ్వులు ఇచ్చాడు, ఇంటి మీదకు వెదురు ఇవ్వలేదు, పులుసులోకి చింతపండు ఇవ్వలేదు. ఎందుకిలా చేశాడంటే, మనుషులు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళాలని చేశాడంటారు పెద్దలు. కాబట్టి ఆ దేశంలో ఎవరో ఒకరు నడవాలి. నడిచేవాళ్ళు ఉంటేనే అందరికీ కూడు.

ఆ సముద్రం ఒడ్డున మొగపేట అని ఒక ఊరు. ఊరి చుట్టూ ఉప్పు మడులు. సముద్రపు నీళ్ళు మడిలోకి పెడితే ఎండ నీళ్ళను తాగేస్తుంది, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు లాగి కుప్ప పోసే ఇళ్ళల్లో ఒక ఇంటి కోడలు దాలమ్మ.

దాలమ్మ పెద్ద అందగత్తె కాదు. పెద్ద మాటకారి కాదు. కాళ్ళు మాత్రం గట్టివి. ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి పాదాలు చెప్పుల్లాగే అయిపోయాయి. మొగుడు పోలయ్య ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి ఎద్దు మీద ఉప్పు పెరికలు వేసుకుని కొండకు వెళ్ళేవాళ్ళు. పెరిక అంటే గోగునారతో నేసిన సంచి. ఎద్దు వీపుకు అటొకటి, ఇటొకటి వేలాడుతుంది. పోలయ్య జ్వరంతో పోయాడు. ఇంట్లో ముసలత్త మిగిలింది, దొడ్లో బూడిద రంగు ఎద్దు మిగిలింది. ఒక్కదానివి అంత దూరం ఎలా వెళ్తావని ఊళ్ళో ఆడవాళ్ళు అడిగారు. ఎద్దు తోడుంది కదా, మీకంటే తక్కువ మాట్లాడుతుంది అని చెప్పి బయలుదేరింది.

అలా దాలమ్మ ఏడాదికి చాలాసార్లు నడిచేది. ఇసక దాటేది. బురద దాటేది. రాయి ఎక్కేది. ఇసకంటే సముద్రపు ఒడ్డు, బురదంటే పల్లపు వరిచేలు, రాయంటే కొండ. పైన జాకరపుట్టు అని కొండవాళ్ళ ఊరు. అక్కడ సిమ్మి అనే ఆమె ఇల్లు దాలమ్మకు బస. సిమ్మి దాలమ్మకంటే పెద్దది. ఇద్దరికీ చుట్టరికం లేదు, భాష కూడా ఒకటి కాదు. ఒకరి మాట ఒకరికి సగమే తెలిసేది. ఆ సగంతోనే అప్పా, చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు. దాలమ్మ ఉప్పు ఇచ్చి చోళ్ళు, చింతపండు తెచ్చుకునేది. దారిలో పల్లంలో చింతపండు ఇచ్చి బియ్యం పుచ్చుకునేది. ఇలా ఒక ఎద్దు, ఒక మనిషి నడిస్తే మూడు చోట్ల పొయ్యి వెలిగేది.

మరి ఇంత సుఖంగా సాగితే కథ ఎందుకు చెబుతాం?

కొండ మొదట్లో రెండు పెద్ద బండలు, వాటి నడుమ ఇరుకు దారి. ఆ ఇరుకుకు ఒక తలుపు. తలుపు పక్కన కోట. ఆ కోటలో నరసరాజు దొర ఉండేవాడు. పల్లమంతా ఆయన మాట మీద నడిచేది. ఒక ఏడు సంతలో గొడవ జరిగింది. దొర బావమరిది కొండవాళ్ళ తేనెకుండ తన్నాడని కొందరంటారు. కొండవాళ్ళే కల్లు మీద ఉండి ముందు చెయ్యి చేసుకున్నారని కొందరంటారు. ఏది ముందో మనకు తెలియదు. ఆ గొడవలో బావమరిది కన్ను పోయింది.

దొర తలుపు దగ్గర నిలబడి ఒట్టు పెట్టాడు. కొండపెద్ద వచ్చి తన గొడ్డలి నా పాదాల దగ్గర పెట్టేదాకా ఒక్క ఉప్పు రాయి పైకెక్కకూడదు అన్నాడు. కొండవాళ్ళ పెద్ద గంగులు. అతను కొండ మీద నిలబడి ఒట్టు పెట్టాడు. దొర వచ్చి మా తేనెకుండకు క్షమాపణ చెప్పేదాకా ఒక్క చింతాకు కిందికి దిగకూడదు అన్నాడు. ఇద్దరూ మాట తప్పని మనుషులే. అక్కడే వచ్చింది చిక్కు.

ఉప్పు కొండ ఎక్కలేదు. గింజ కొండ దిగలేదు. పైన అంబలి చప్పబడింది. పోడు కొట్టేవాళ్ళకు పిక్కలు పట్టేసేవి. పశువులు రాళ్ళు నాకేవి. కింద మొగపేటలో ఉప్పు కుప్పలు వానకు కరిగి మళ్ళీ సముద్రంలోకే పోయాయి. ఉప్పు ఉండి ఏం లాభం? ఉప్పు వండుకు తినలేం కదా.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం దాలమ్మ మడిలో ఉంది. ఎక్కడినుంచో ఒక మనిషి వచ్చాడు. కొండ మనిషి. దారి వదిలి, అడవుల్లో పడి, ముళ్ళలో పడి వచ్చాడు. ఎవరినీ చూడలేదు, ఎవరినీ అడగలేదు. మడి గట్టు మీద బోర్లా పడి ఆ మట్టిని నాకడం మొదలుపెట్టాడు.

దాలమ్మ పరిగెత్తుకెళ్ళి లేవదీసింది. నీళ్ళు తాగించింది. పైన ఎలా ఉన్నారని అడిగితే అతను చెప్పాడు. సిమ్మి కూతురు నిండు చూలాలు. కాళ్ళు వంకర్లు పోతున్నాయి, లేచి నిలబడలేకపోతోంది. దాలమ్మ అతని పంచె కొంగున ఉప్పు మూట కట్టి పంపింది. మళ్ళీ అడవిలో పడి నడిచే ఓపిక లేక దారినే వెళ్తే తలుపు దగ్గర అతన్ని పట్టుకున్నారని, ఉప్పు గెడ్డలో పోసి, అతన్ని కొట్టి తోలేశారని తరవాత తెలిసింది.

ఆ మాట విన్న రోజే దాలమ్మ ఎద్దు మీద పెరికలు వేసింది. అత్త గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆపుతుందేమోనని దాలమ్మ అటు చూసింది.

"ఎల్లు," అంది ముసలమ్మ. "ఈ ఇసకలో కూకున్నా ఆకలి మనల్ని ఎతుక్కుంటూ వొస్తాది. నువ్వే ముందు నడిస్తే అదే ఎనకబడతాది."

దాలమ్మ నడిచింది. ఇసక దాటింది. బురద దాటింది. రాయి దగ్గరకు వచ్చింది. తలుపు దగ్గర తవిటయ్య అనే కాపలాదారు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. దొర ఉప్పు తిన్నవాడు, దొర చెప్పింది చేస్తాడు. పెరికలు విప్పించి ఉప్పంతా గెడ్డలో పోయించాడు. ఉప్పు నీళ్ళలో కలిసిపోతుంటే దాలమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఏడవలేదు. గెడ్డలో దిగి ఆ నీళ్ళతో మొహం కడుక్కుంది. కడుక్కునేటప్పుడు చీర కొంగు తడిసింది. ఆ కొంగు ఎండలో ఆరింది. ఆరిన కొంగుతో మొహం తుడుచుకుంటే పెదవికి ఉప్పగా తగిలింది.

దాలమ్మ అక్కడే ఎద్దును వెనక్కి తిప్పింది. ఎందుకంత తొందరగా వెళ్తున్నావని తవిటయ్య అడిగాడు. ఇంటి దగ్గర బట్టలు నానెయ్యాలి బాబూ అంది.

నిజంగానే నానేసింది. మడిలో నీళ్ళు ఎండకు చిక్కబడి, ఉప్పు కట్టబోయే ముందు తేనెలా అవుతాయి. ఆ నీళ్ళలో చీర ముంచింది. ఆరేసింది. మళ్ళీ ముంచింది. ఆరేసింది. మూడోసారి ముంచి ఆరేస్తే చీర అట్ట కట్టినట్టు నిలబడింది. ఆ చీర అత్తే దగ్గరుండి కట్టింది. ఒళ్ళంతా గీరుకుంటుందే అంది. గీరుకోనీ అంది దాలమ్మ.

దాలమ్మ నడిచింది. ఇసక దాటింది. బురద దాటింది. తలుపు దగ్గర తవిటయ్య పెరికలు తడిమాడు, ఖాళీ. మూటలు విప్పాడు, ఖాళీ. ఉప్పు లేకుండా పైకెందుకు వెళ్తున్నావని అడిగాడు. అప్పను చూడాలి అంది. దొర ఉప్పు ఎక్కొద్దన్నాడు గాని మనిషి ఎక్కొద్దనలేదు. తవిటయ్య తలుపు తీశాడు. దాలమ్మ రాయి ఎక్కింది.

పైన గంగులు మనుషులు గొడ్డళ్ళు పట్టుకుని అడ్డం వచ్చారు. కిందినుంచి వచ్చినవాళ్ళెవరినైనా నరికెయ్యమని వాళ్ళకు ఆన. దాలమ్మ చీర కొంగు వాళ్ళ ముందుకు చాపి, నాకి చూడమంది. ఒకడు నాకాడు. వాడి కళ్ళవెంట నీళ్ళు కారాయి. దారి ఇచ్చేశారు.

సిమ్మి ఇంట్లో దాలమ్మ సిమ్మి చీర కట్టుకుని, తన చీర కుండలో వేసి నీళ్ళు పోసి కాచింది. ఆ నీళ్ళు ఒక్కో చెంచా ఒక్కో ఇంటి అంబలిలో పోశారు. ఆవేళ జాకరపుట్టులో అంబలి కుండ అడుగు దాకా నాకనివాళ్ళు లేరు. సిమ్మి కూతురు గటగటా తాగింది. కొన్నాళ్ళకు లేచి నిలబడింది. ఆడపిల్లను కన్నది.

ఆ వేసవంతా దాలమ్మ నడిచింది. ఇసక దాటింది, బురద దాటింది, రాయి ఎక్కింది. చీర చాలకపోతే దుప్పటి ముంచింది. దుప్పటి చాలకపోతే ఖాళీ పెరికలే ముంచింది. ఒంటి మీద చర్మం పగిలి మంటెత్తేది. గెడ్డ నీళ్ళలో కాసేపు కూర్చుని మళ్ళీ నడిచేది. సిమ్మి మాత్రం ఊళ్ళోకి పోగా మిగిలిన ఉప్పునీళ్ళు మరగబెట్టి, అడుగున మిగిలింది గీకి, సొరకాయ బుర్రలో దాచేది. గంగులు ఆన ఉంది కాబట్టి గింజ కిందికి రాకూడదు. దాలమ్మ బదులు అడగలేదు. సిమ్మి ఇంట్లో పెట్టింది తిని, వట్టి చేతులతో దిగేది.

చివరికి ఎద్దే పట్టించింది. ఒకనాడు తలుపు దగ్గర తవిటయ్య మూటలు తడుముతున్నాడు. ఎద్దుకు నోరు ఆగలేదు. మెడ తిప్పి, తన వీపు మీది ఖాళీ పెరికను నాకడం మొదలుపెట్టింది. నాకుతూనే ఉంది. తవిటయ్య కాసేపు చూశాడు. పెరిక మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. తరవాత దాలమ్మ మొహంలోకి చూశాడు. ఆయనకు నవ్వు వచ్చిందని, నవ్వు మింగేసి దొర దగ్గరకు తీసుకెళ్ళాడని చెబుతారు.

నరసరాజు దొర కోట అరుగు మీద కూర్చున్నాడు. అంతా విన్నాడు. ఇదంతా ఎవరు నేర్పారని అడిగాడు. ఎవరూ నేర్పలేదు అంది. నా మాట ధిక్కరించావు, భయం లేదా అన్నాడు.

"ఉన్నాది బావూ," అంది దాలమ్మ. "తవుర్ని సూస్తే భయమే. కాని మట్టి నాకిన మనిషిని సూసినాక, అది పెద్ద భయం కాదనిపించినాది."

దొర కొట్టిస్తాడనుకున్నారు. కొట్టించలేదు. కొండంటే అంత ప్రేమైతే కొండ మీదే ఉండు అన్నాడు. ఎద్దును కోట దొడ్లో కట్టెయ్యమన్నాడు. చీర తడిపి పిండించమన్నాడు. "పైకి పో. మళ్ళీ ఈ తలుపు దాటి కిందికి దిగితే నీ కాళ్ళు తీయిస్తాను. నడిచే కాళ్ళే కదా నీ పొగరు" అన్నాడు.

అలా దాలమ్మ కొండ మీద ఉండిపోయింది. సిమ్మితో పాటు పోడు చేసింది, చోళ్ళు కోసింది. కింద అత్త ఒక్కతే ఉంది. పొద్దున లేస్తే దాలమ్మ పెద్ద బండ ఎక్కి తూర్పుకు చూసేది. సముద్రం సన్నటి గీతలా కనిపించేది. సిమ్మి మనవరాలిని తనే చంకనేసుకుని, అదిగో ఈ మామ్మ ఊరు అని చూపించేది.

అప్పుడు ఉప్పెన వచ్చింది.

ముందు గాలి వచ్చింది. గాలి వెంట వాన వచ్చింది. వాన వెంట సముద్రమే లేచి వచ్చింది. కొండ మీద చెట్లు వేళ్ళతో సహా పడ్డాయి. గాలి తగ్గి తెల్లారాక దాలమ్మ బండ ఎక్కి చూసింది. సన్నటి గీత లేదు. ఇసక లేదు, బురద లేదు. కోట దాకా ఒకటే నీళ్ళు, ఎండకు మెరుస్తున్నాయి. కొండకు ఉప్పు ఎక్కకూడదన్న దొర పొలాల్లోకి ఉప్పు తనంత తనే నడిచి వచ్చింది.

నీళ్ళు తీశాక పల్లం తెల్లగా చౌడు బారింది. వరి కుళ్ళింది. పాతరల్లో దాచిన ధాన్యం ఉప్పునీళ్ళు తాగి మురిగింది. గొడ్లు కొట్టుకుపోయాయి. జనం కోట గోడల కిందికి చేరారు. దొర తన గాదె ఊడ్చి పెట్టాడు. కొన్నాళ్ళకు అదీ అయిపోయింది.

దాలమ్మ గంగులు దగ్గరకు వెళ్ళింది. గంగులు రచ్చబండ మీద ఉన్నాడు, చుట్టూ ఊరంతా ఉంది. కిందికి గింజలు తీసుకెళ్దామంది. ఊరు గొణిగింది. మనల్ని ఉప్పు లేకుండా చంపబోయారు, ఇప్పుడు కావలసినంత ఉప్పు వచ్చింది, తినమను అన్నాడు గంగులు. కొంతమంది నవ్వారు.

దాలమ్మ గంగులు ఎదురుగా వెళ్ళి నిలబడింది. "నాను మోసిన ఉప్పు తిన్నారా అన్నా?" అని అడిగింది.

"తిన్నాం," అన్నాడు గంగులు.

"బదులు ఏనాడైనా అడిగినానా?"

"అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

ముందు సిమ్మి లేచింది. ఇంట్లోకి వెళ్ళి చోళ్ళ గంప తెచ్చి నెత్తిన పెట్టుకుంది, ఉప్పు దాచిన సొరకాయ బుర్ర చేత పట్టుకుంది. తరవాత ఆమె కూతురు లేచింది. తరవాత మడి గట్టు నాకిన ఆ మనిషి లేచాడు. ఇక ఇల్లిల్లూ కదిలింది. చోళ్ళు, సామలు, కందులు, ఎండు దుంపలు. గంగులు కూడా గొడ్డలి భుజాన వేసుకుని లేచాడు. వస్తాను గాని, దొర నోరు విప్పి క్షమాపణ అడిగేదాకా తలుపు దాటను అన్నాడు. దొర నీ కాళ్ళు తీయిస్తానన్నాడు కదా, నువ్వెందుకు రావడం అని సిమ్మి దాలమ్మను వెనక్కి నెట్టింది. దాలమ్మ సిమ్మి నెత్తి మీది గంప తన నెత్తికి మార్చుకుని అందరికంటే ముందు నడిచింది.

తలుపుకు ఇటు కొండవాళ్ళు నిలబడ్డారు. తలుపుకు అటు కోటవాళ్ళు నిలబడ్డారు. తలుపు సందుల్లోంచి గంపలు చూసి పిల్లలు ఏడుస్తున్నారు. తవిటయ్య చిక్కి సగమయ్యాడు. తలుపు ఓరగా తీయించి నరసరాజు దొర బయటకు వచ్చాడు. ఆయన పొట్ట కూడా వీపుకు అంటుకుంది. దాలమ్మను చూశాడు.

దిగొద్దన్నాను కదా అన్నాడు.

"దిగినాను బావూ," అంది దాలమ్మ. "కాళ్ళు తీయించాలంటే తీయించండి. ముందు ఈ గంప దించుకోండి, బరువుగా ఉన్నాది."

తవిటయ్య ముందుకొచ్చి గంప దించాడు. దొర చెప్పకుండా ఆయన చేసిన మొదటి పని అదేనంటారు. గంప నేల మీద ఉంది. దానికి అటు దొర, ఇటు గంగులు. అడిగితే ఇస్తానంటాడు గంగులు. గొడ్డలి పెడితే పుచ్చుకుంటానంటాడు దొర. ఎండ నెత్తికెక్కింది. ఆకలితో ఉన్న జనం అటొకసారి, ఇటొకసారి చూస్తున్నారు. ఇద్దరికీ మాట తప్పడం తెలియదు.

దాలమ్మ సిమ్మి చేతిలోని సొరకాయ బుర్ర తీసుకుంది. దొర ముందు నిలబడింది.

"అడగడానికి నోరు రాకపోతే అడగొద్దు బావూ," అంది. "సెయ్యి సాపండి, సాలు."

దొర ఆమె మొహం చూశాడు. వెనక ఏడుస్తున్న పిల్లల వైపు చూశాడు. నెమ్మదిగా చెయ్యి చాపాడు. దాలమ్మ బుర్ర వంచి ఆ అరచేతిలో ఉప్పు పోయబోయింది. కోటలో పెద్దాయన ఒకాయన అడ్డం వచ్చాడు. చేతిలో ఉప్పు వెయ్యకూడదు, తగవులొస్తాయి, నేల మీద పెట్టమన్నాడు. తరతరాల నమ్మకం కదా మరి.

"తగువు ఎప్పుడో వొచ్చీసినాది తాతా," అంది దాలమ్మ. "ఇంక కొత్తగా వొచ్చేదేటి?"

దొర చేతిలో ఉప్పు వేసింది. గంగులు దగ్గరకు వెళ్ళి నిలబడింది. గంగులు గొడ్డలి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, ఖాళీ చెయ్యి చాపాడు. ఆ చేతిలోనూ వేసింది. తను కాసింత నోట్లో వేసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉప్పు నోట్లో వేసుకున్నారు. ఒక చేతి ఉప్పు తిన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు చెయ్యెత్తరాదు. ఆ నమ్మకం కూడా తరతరాలదే.

గొడ్డలి ఎవరి పాదాల దగ్గరా పెట్టలేదు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. దొర వెనక్కి తిరిగి తవిటయ్యతో తలుపు తియ్యమన్నాడు. అంతే. తలుపు తీశారు. గంపలు దిగాయి. కోట ముందు పొయ్యిలు వెలిగాయి. కొండ ఆడవాళ్ళు అంబలి కాచి పోస్తుంటే పల్లపు పిల్లలు వరస కట్టారు.

దాలమ్మ అక్కడ అంబలి తాగలేదు. మూడు మూటలు భుజాన వేసుకుంది. రాయి దిగింది. బురద దాటింది. ఇసక దగ్గరకు వచ్చింది. మొగపేట లేదు. ఇళ్ళు లేవు, మడులు లేవు, గట్లు లేవు. దాలమ్మ నడక మొదటిసారి ఆగిపోయింది. ఇంతలో పాత ఇటుక దిబ్బ మీద పొగ కనిపించింది. ఎవరు కట్టారో తెలియని ఆ దిబ్బే ఊరిని కాపాడింది. గాలి మొదలవగానే జనం దాని మీదకెక్కారు. ఎక్కలేని ముసలత్తను ఎవరో వీపున మోశారు. తాటి తేగలు తిని బతుకుతున్నారు.

అత్త కోడల్ని చూసింది. పైనుంచి కింది దాకా చూసింది. కాళ్ళు ఉన్నాయో లేదో చూసింది.

"ఆలస్యం సేసినావే," అంది. అని కోడలి పాదాలు రెండూ ఒళ్ళోకి లాక్కుని, పట్టుకుని కూర్చుండిపోయింది.

కొండ గింజ ఆ ఏడాది పల్లాన్ని బతికించింది. మరుసటేడు వానలు చౌడును కడిగాయి. వరి మళ్ళీ పండింది. మడుల గట్లు వెయ్యడానికి పల్లం నుంచి మనుషులు వచ్చారు, కొండ నుంచి వెదురు వచ్చింది. ఉప్పు మళ్ళీ కొండ ఎక్కింది. దొర బూడిద ఎద్దును తనే తోలుకొచ్చి ఇచ్చాడంటారు కొందరు. కాదు, తవిటయ్యతో పంపాడంటారు కొందరు. ఎలాగైతేనేం, ఎద్దు వచ్చింది. బాగా బలిసి వచ్చింది.

దాలమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు నడిచింది. అత్త పోయింది, ఎద్దు పోయింది, సిమ్మి పోయింది. జుట్టు ఆమె ఉప్పులాగే తెల్లబడింది. అయినా నడిచింది. ఒక చలికాలం పొద్దున్న ఆ ఇరుకు దారిలో, బండకు ఆనుకుని ఎండ కాచుకుంటూ కూర్చుంది. ఎండ పైకెక్కినా లేవలేదు. చూస్తే ప్రాణం లేదు.

కొండవాళ్ళు వచ్చి మా మనిషి అన్నారు. మొగపేట వాళ్ళు వచ్చి మా కోడలు అన్నారు. కోటవాళ్ళు వచ్చి మా ప్రాణం పోసిన తల్లి అన్నారు. మళ్ళీ తగవు వచ్చేదే. సిమ్మి మనవరాలు, దాలమ్మ చంకనెత్తుకుని సముద్రం చూపించిన పిల్ల, అప్పటికి పెద్దదయింది. ఆ పిల్ల వచ్చి, మామ్మ ఎక్కడ కూర్చుందో అక్కడే ఉండనివ్వండి అంది. అక్కడే పూడ్చారు. సమాధి దారిలో పడింది కాబట్టి తలుపు మూయడానికి వీల్లేకపోయింది. తలుపు రెక్కలు ఊడదీసి గెడ్డ మీద వంతెనగా వేశారు.

కోట ఇప్పుడు లేదు. ఆ బండలు ఉన్నాయి. వాటి దగ్గర ఇప్పటికీ వారానికి ఒకసారి సంత జరుగుతుంది. దాలమ్మ సంత అంటారు. కొండవాళ్ళు చింతపండు, పసుపు, చీపుళ్ళు దింపుతారు. పల్లంవాళ్ళు బియ్యం, బట్టలు తెస్తారు. సముద్రంవాళ్ళు ఉప్పు, ఎండు చేపలు తెస్తారు. ఉప్పు బస్తా విప్పకుండా సంత మొదలవదు. విప్పిన మనిషి మొదటి గుప్పెడు ఎదురుగా ఉన్నవాళ్ళ చేతిలో పోస్తాడు. వాళ్ళు ఎవరైనా సరే.

మిగతా దేశమంతా చేతిలో ఉప్పు వెయ్యరు. నేల మీద పెట్టి తీసుకోమంటారు, తగవు వస్తుందని. దీపాలు పెట్టాక అయితే అసలు ఇవ్వరు. ఆ దారి వెంట ఊళ్ళల్లో మాత్రం ఉప్పు చేతిలోనే వేస్తారు, ఏ వేళప్పుడు అడిగినా వేస్తారు. అన్నదమ్ములకు మాట పడకపోయినా, అత్తాకోడళ్ళు అలిగినా, ఇరుగుపొరుగు గట్టు తగాదా పడినా పెద్దవాళ్ళు పంచాయితీ పెట్టరు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకటే మాట అంటారు.

"అడగొద్దులే. సెయ్యి సాపు."